మాయచెరువు కత: మా తిన్నె మీద మూడుసార్లు మారిన భాష

మన యింటి వాళ్ళు ఒకరినొకరు కలిస్తే మొదట ఆరోగ్యం అడుగుతారు, తర్వాత పెండ్లి సంబంధాలు, ఆ తర్వాత పొలం సంగతి. పుస్తకాల మాట రాదు. పోయిన సంక్రాంతికి మాత్రం మా అక్క కూతురు ఒక మాట అడిగింది: "మామా, నీకు అన్నిటికంటే ఇష్టమైన ఫాంటసీ పుస్తకం ఏది?" దాని చేతిలో హ్యారీ పాటర్ ఉంది. నేను ఆలోచించకుండానే "మాయాసరోవరం" అనేసినాను. రాసిందెవరు అని అడిగింది. దానికి జవాబు చెప్పడానికి ఒక్క మాట చాలలేదు. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

మాది ముళబాగిలు. తాతల కాలం నుంచి కోలారు జిల్లానే. ఇంట్లో తెలుగు, ఇస్కూల్లో కన్నడం. పదో తరగతి దాకా నేను చదివింది కన్నడ మీడియమే, తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. మా జేజి మదనపల్లె వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి. ఆమెకు తెలుగు చదవను వచ్చు. కన్నడం సంతలో బేరమాడేంత వచ్చు, అక్షరాలు రావు. అంటే ఒకే యింట్లో ఇద్దరు చదువుకున్న వాళ్ళం, ఒకరి పుస్తకం ఇంకొకరికి పనికిరాదు.

మా పెద్దమామ చిన్నప్పుడు, 1970లలో, కన్నడ చందమామలు నెలనెలా కొని, ఏడాదికొక కట్టగా దారంతో కుట్టించి పెట్టినాడు. ఆ కట్టలు మా అటక మీద ఉండేవి. నేను నాలుగో తరగతిలో ఉండగా వాటిని దించినాను. సాయంత్రం తిన్నె మీద కూర్చుని నేను కన్నడంలో చదివి, జేజికి మన తెలుగులో చెప్పేవాణ్ణి. అట్ల మొదలైంది మాయాసరోవరం. జేజి నోట్లో అది 'మాయచెరువు కత'.

నా అనువాదం ఎంత బాగుండేదో చెప్తాను. కన్నడంలో 'కాడు' అంటే అడవి. నేను దాన్ని మార్చకుండా "జయశీలుడు కాడులోకి పోయినాడు జేజీ" అన్నాను. తెలుగులో కాడు అంటే వల్లకాడు కదా. జేజికి ఆ కన్నడ మాట తెలియనిదేం కాదు, అయినా నన్ను ఆటపట్టించడానికి, "అప్పుడే కాటికెందుకు పోయినాడురా, కత ఇంకా ఉండాది గదా" అనింది. ప్రతి నెల భాగం సరిగ్గా ఒక ఆపద దగ్గర ఆగేది. తర్వాతి నెల సంచిక అదే కట్టలో ఉన్నా, నేను కావాలనే పుస్తకం మూసేవాణ్ణి. "ఒరే, వాళ్ళేమైరో చెప్పకుండా లేస్తావేందిరా?" అని జేజి నా చొక్కా పట్టుకునేది. జయశీలుడి కంటే సిద్ధసాధకుడంటేనే ఆమెకు ఇష్టం.

ఇంతవరకు మన యింట్లో చాలామందికి తెలిసిందే. తెలియంది ఏమంటే, ఆ కత కన్నడంలో పుట్టలేదు.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టింది ఇద్దరు తెలుగువాళ్ళు. ఒకరు కడప జిల్లా నుంచి వచ్చిన బి. నాగిరెడ్డి, ఇంకొకరు తెనాలి చక్రపాణి. మొదట తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. ఒకటి రెండేళ్ళలోనే కన్నడం, హిందీ కూడా చేరినాయి. తర్వాత మరాఠీలో చందోబా, ఒరియాలో జన్హమాము వచ్చినాయి. మనలాగే ఊరు వదిలి వచ్చి పూణెలోనో, బరంపురంలోనో, మదురైలోనో స్థిరపడిన తెలుగు యిండ్లలో కూడా పిల్లలు ఈ పేర్లతోనే చదివుంటారు. అన్ని భాషల్లోనూ బొమ్మలు అవే, కతలు అవే. ఆ కతల్లో చాలాభాగం మొదట తయారయ్యేది తెలుగులో.

1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ తెలుగును దిద్దిన మనిషి కొడవటిగంటి కుటుంబరావు. పెద్దల కోసం ఆయన రాసిన కతలు, నవలలు వేరే దారి. ఇక్కడ మాత్రం పిల్లవాడు ఆగకుండా చదివే చిన్న వాక్యం, మాట్లాడినట్టుండే తెలుగు. అట్లాంటి వాక్యాన్ని ఇంకో భాషలోకి మార్చడం కూడా సులువే అనుకుంటాను. నాలుగో తరగతి పిల్లవాడు దాన్ని మళ్ళీ తెలుగు చేయగలిగినాడంటే అందులో ఆయన చలవ కూడా ఉంది.

ఇక సీరియళ్ళు. గుంటూరు జిల్లాలో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం ఇరవై ఏళ్ళ వయసులో చందమామలో చేరి, యాభై ఏళ్ళకు పైగా అక్కడే పనిచేసినారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టినారు. తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, చివరికి 1970ల ఆఖర్లో మొదలైన భల్లూక మాంత్రికుడు. మొత్తం పన్నెండు. నెలకు ఒక భాగం చొప్పున పాతికేళ్ళు ఒక్క మనిషి ఇన్ని భాషల పిల్లల్ని నిద్రపోనీకుండా చేసినాడు.

ఆ సీరియళ్ళ మీద ఆయన పేరు ఉండేది కాదు. కత పేరు ఉండేది, బొమ్మ ఉండేది, అంతే. బొమ్మ కింద మాత్రం సంతకం ఉండేది. చాలా సీరియళ్ళకు బొమ్మలు వేసిన చిత్రా పేరు నాకు పదేళ్ళ వయసులోనే తెలుసు. రాసిన మనిషి పేరు ముప్పై దగ్గర పడేదాకా తెలీలేదు.

అవి ఎక్కడినుంచి వచ్చినాయని వెతికితే, వెనక ఇంకో పెద్ద గని ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా కూర్చిన కాశీమజిలీ కథలు. కాశీకి నడిచిపోతూ మజిలీ మజిలీకీ గురువు శిష్యుడికి చెప్పే కతలు అవి. 1951లో వచ్చిన పాతాళభైరవి సినిమాకు మూలం అక్కడిదే. ఆ సినిమా తీసింది ఇదే నాగిరెడ్డి, చక్రపాణి. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు తెలుగునాడంతా తిరిగిన మూడేళ్ళకు తోకచుక్క మొదలైంది. అయితే దాసరి సీరియళ్ళు పాత కతలకు నకళ్ళు కావు. వాటిల్లో దేవుడు వచ్చి కాపాడడం తక్కువ. ఇద్దరు స్నేహితులు, కత్తి, తెలివి, ముందుండే అడవి. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకడు ఆవేశపడితే ఇంకొకడు ఆలోచిస్తాడు. మాంత్రికుడు ఎంత గొప్పవాడైనా ఎక్కడో ఒకచోట తప్పు చేస్తాడు. ఇప్పుడు నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎంత గట్టిగా కట్టిన దాంట్లోనైనా ఒక లోపం ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి అన్న నమ్మకం నాకు ఆఫీసు ట్రైనింగ్‌లో రాలేదు.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. చిత్రా, విక్రమార్కుడి భుజాన శవాన్ని వేసిన శంకర్ ఇద్దరూ తమిళనాడు వాళ్ళు. తొలిరోజుల్లో మహాభారతం అట్టబొమ్మలు వేసిన ఎం.టి.వి. ఆచార్య మన కన్నడనాటి మనిషి. అట్టల మీది రంగుల ప్రపంచం శ్రీకాకుళం వడ్డాది పాపయ్యది. ఈ పత్రిక తెలుగుదా, తమిళులదా, కన్నడిగులదా అని అడిగితే నేనేం చెప్పలేను. మన యింటిని గురించి ఎవరైనా అట్ల అడిగినా నా జవాబు అదే.

చదువు కన్నడంలో సాగడంతో నేను పోగొట్టుకున్నదేమీ లేదని కూడా ఇక్కడే రాయాలి. సైన్సు ఉన్న కత ఎట్లుంటుందో నాకు మొదట చూపించింది పూర్ణచంద్ర తేజస్వి. 1980లో వచ్చిన ఆయన 'కర్వాలో' నవలలో ఒక శాస్త్రవేత్త, ఒక పల్లెటూరి మందణ్ణ, ఇంకొందరు కలిసి పడమటి కనుమల అడవిలో ఎగిరే బల్లి కోసం వెతుకుతారు. అందులో రాకెట్లు లేవు, గ్రహాంతరవాసులు లేరు. అయినా చదివినాక మన పెరట్లోని బల్లిని కూడా వేరే కన్నుతో చూస్తాం.

తెలుగు వైపు నుంచి సైన్సు కత నాకు సినిమాగా వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ఆదిత్య 369 అది. టైమ్ మెషిన్ ఎక్కి 1526కు, కృష్ణదేవరాయల కొలువుకు పోతారు. ఇస్కూల్లో మాకు రాయలు 'కన్నడ రాజ్య రమారమణ'. టీవీలో చూస్తే ఆయన తెలుగు మాట్లాడుతున్నాడు! "రాయలు మనోడా, వాళ్ళోడా?" అని నాన్నని అడిగినాను. నాన్న తల తిప్పకుండానే "ఆయన తెలుగులో కావ్యం రాసినాడు, ఆ బిరుదు కూడా ఆయనదే. నువ్వు ముందు సినిమా చూడు" అన్నాడు. ఇంతకంటే మంచి జవాబు తర్వాత ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఇక ఆ కట్టల దగ్గరికి మళ్ళీ వస్తాను. ఉద్యోగానికి బెంగళూరు వచ్చినాక ఒక ఆదివారం ఎవెన్యూ రోడ్డులో పాత పుస్తకాలు చూస్తున్నాను. ఒక చినిగిన చందమామ తెరిస్తే నాకు తెలిసిన బొమ్మ. అదే జయశీలుడు, అదే సిద్ధసాధకుడు, నేను వందసార్లు చూసిన పేజీ. బొమ్మ చుట్టూ అక్షరాలు మాత్రం వేరే. దాదాపు చదవగలిగినట్టే ఉన్నాయి, కానీ చదవలేను. మన రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు, తలకట్టు దగ్గరే తేడా. అక్కడ నిలబడి కూడబలుక్కుంటూ ఒక వాక్యం చదివినాను. పైకి చదివితే మన తెలుగు! అంగడాయన నన్ను వింతగా చూసినాడు. ముప్పై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను.

తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి నాకు నెలరోజులు పట్టింది. 'శ' దగ్గర ఇప్పటికీ తడబడతాను. మెల్లగా కొన్ని పాత సంచికలు సంపాదించి, మామ కన్నడ కట్టను పక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో వరస వరసా పోల్చినాను. టెస్టరు బుద్ధి, తప్పులు దొరుకుతాయని కూర్చున్నాను. కన్నడంలో 'మంత్రవాది' ఉన్నచోట తెలుగులో 'మాంత్రికుడు', 'కాడు' ఉన్నచోట 'అడవి'. అంతకుమించి కత ఎక్కడా తెగలేదు. కన్నడం చేసిన వాళ్ళ పేరు కూడా మా కట్టల్లో ఎక్కడా లేదు. దాసరి వారి పేరు నాకు ఆ వెతుకులాటలోనే తెలిసింది. అప్పటికే ఆయన పోయినారు, 2010లో. చందమామ కూడా ఆ తర్వాత కొన్నేళ్ళకే ఆగిపోయింది.

జేజి అంతకంటే ముందే పోయింది. నన్ను బాధపెట్టేది ఇదే. ఆ కతను ఆమె భాషలోనే, ఆమె చదవగలిగిన అక్షరాల్లోనే ముందు రాసినారు. మదనపల్లెలో ఏ అంగడిలోనో అది దొరికేది. ఒక్క తెలుగు చందమామ తెచ్చిచ్చి ఉంటే తనంతట తాను చదువుకునేది. బదులుగా తెలుగులో పుట్టిన కత కన్నడంలోకి పోయి, ఒక పిల్లవాడి వచ్చీరాని మాటల్లో మళ్ళీ తెలుగై ఆమె చెవిన పడింది. ఆ సంగతి ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. మా అమ్మతో ఈ మాట అంటే, "పుస్తకం చేతికిస్తే ఆమె నీతో ఎందుకు చెప్పించుకుంటుందిరా?" అనింది. అదీ నిజమే.

అక్క కూతురికి సంక్రాంతి రోజు ఇదంతా చెప్పినాను. దానికి తెలుగూ రాదు, కన్నడమూ అంతంత మాత్రం, చదివేది ఇంగ్లీషు. ఇప్పుడు శనివారాలు వీడియో కాల్‌లో నేను తెలుగులో చదువుతున్నాను, అర్థం కానిచోట కన్నడంలోనో ఇంగ్లీషులోనో చెప్తున్నాను. నాలుగో భాగంలో ఉన్నాం. పోయిన వారం సరిగ్గా ఆపద దగ్గర పుస్తకం మూసినాను. అది అరిచిన అరుపుకు మా అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

మన వాళ్ళ అటకల మీద ఇంకా ఇట్లాంటి కట్టలు ఉండే ఉంటాయి. అంబులిమామ కావచ్చు, చందోబా కావచ్చు. ఇల్లు మారేటప్పుడు తూకానికి వేయకండి. తెరిచి చూసి, పిల్లలకు ఒక భాగం చదివి వినిపించండి. మొదలుపెట్టే ముందు మాత్రం, పేజీ మీద లేకపోయినా, రాసిన మనిషి పేరు చెప్పండి: దాసరి సుబ్రహ్మణ్యం.