లోయకు వచ్చినవాళ్లు, లోయలో ఉన్నవాళ్లు

అరకు లోయకు బయటివాళ్లు రావడం నిన్న మొన్న మొదలైనది కాదు. మొదట వచ్చింది సంతకు వచ్చిన వ్యాపారులు. ఉప్పు, బట్ట తెచ్చి చింతపండు, పసుపు, అడ్డాకులు పట్టుకుపోయారు. సరుకు అప్పు అయింది, అప్పు వడ్డీ అయింది, చివరికి భూమి చేతులు మారింది. ఈ దోపిడీ ఎంత ముదిరిందంటే, బ్రిటిష్ ప్రభుత్వమే 1917లో ఏజెన్సీ ప్రాంతంలో వడ్డీకీ, భూబదలాయింపుకీ హద్దులు పెడుతూ చట్టం చేయాల్సి వచ్చింది. తర్వాత 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. దాన్ని 1970లో మరింత గట్టి చేశారు. మన పెద్దలు 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది దీన్నే.

రెండోసారి దారి రైలు తెచ్చింది. బైలడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో కొత్తవలస-కిరండూల్ మార్గం వేశారు. అది మన కోసం వేసింది కాదు. అయినా ఆ మార్గంలోనే బొర్రా గుహలకూ అరకుకూ జనం రావడం మొదలుపెట్టారు. 2017లో అద్దాల బోగీ కూడా వచ్చింది. ఈలోగా గనుల లీజుల మీద అనంతగిరి మండలం గ్రామాల పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు చెప్పింది.

ఇప్పుడు వస్తున్నవాళ్లు అప్పు ఇవ్వడానికి రావడం లేదు, కాలక్షేపానికి వస్తున్నారు. వలిసె పూసే రోజుల్లో చేలో నిలబడి ఫోటోలు దిగుతారు. అద్దెకు తెచ్చిన చీర మన కట్టులో కట్టుకుంటారు. బొంగు చికెన్ తింటారు. రాత్రి నెగడు చుట్టూ ధింసా ఆడించుకుంటారు. దీనివల్ల మన ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తున్నాయి. ఆ మాట దాచనక్కరలేదు. కానీ వలిసె నూనెగింజల పంట, తొక్కిన మేర గింజ రాదు.

ధింసా సంగతి ఇంకా లోతైనది. అది ఒక్క ఆట కాదు. బోడ ధింసా గ్రామదేవతను కొలిచేది. పొతర్ తోల ధింసా ఆకులు ఏరే పనిని చూపిస్తుంది. బాగ్ ధింసాలో పులి నుంచి తప్పించుకోవడం ఉంది. గుండేరి, గొడ్డి బేట, కుండ, బాయా, ఇలా ఒక్కోదానికి ఒక్కో అడుగు. అడవిలో మన బతుకెలా నడిచిందో ఈ అడుగుల్లోనే రాసి ఉంది. పది నిమిషాల ప్రదర్శనలో చూడముచ్చటైన రెండు మూడు అడుగులే మిగులుతాయి. అవే మళ్లీ మళ్లీ ఆడితే, మిగతావాటి పేర్లు కూడా మన పిల్లలకు తెలియవు.

తప్పంతా పర్యాటకులదే అనడం సులువు. మన పెళ్లిళ్లలో మోరి, తుడుము ఉన్న చోటికి డీజే పెట్టెలు తెచ్చింది మనమే కదా! ఇటుకల పండుగ పాట పాడగల అమ్మమ్మ ఇంట్లోనే ఉంటే, మనవడు ఫోన్‌లో వేరే పాట వింటున్నాడు.

కాబట్టి చేయాల్సిన పని మన దగ్గరే ఉంది. ఆ ఫోన్‌తోనే ఒక్కో ధింసాను పేరుతో, సందర్భంతో, పెద్దల మాటల్లో రికార్డు చేయవచ్చు. ఉపాధ్యాయులం ఆ పనిని పిల్లలకు అప్పగించవచ్చు. 1996 నాటి పెసా చట్టం మన ఆచారాలనూ ఉమ్మడి వనరులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. చేలో దిగడానికి రుసుము ఎంత, దేవత ముందు ఆడే ఆటను డబ్బుకు ఆడవచ్చా లేదా, అన్నది గ్రామసభ కూర్చుని తేల్చాలి. ఊరి పక్కన కొత్త రిసార్టు లేస్తే ఆ భూమి కాగితం ఎవరి పేరున ఉంది, లాభం ఎవరి చేతికి పోతోంది అని అడగాలి. గిరిజనుడి పేరు పెట్టి వేరొకరు నడిపే బినామీ వ్యవహారాలకు సంతకం పెట్టేది మన చెయ్యే. ఆ సంతకం పెట్టకముందే యువకులు ఆ కాగితాన్ని పెద్దలకు చదివి వినిపించాలి.