మొగుడూ పెళ్లాం పంచాయితీ: మేడ్చల్ రచ్చబండ నుంచి ఫ్యామిలీ కోర్టు దాకా

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. అంటే, యుద్ధాలు ఉన్నాయి కానీ ఇంట్లోవి. మొగుడూ పెళ్లాలకు పడకపోతే మన దగ్గర ఒకప్పుడు ఎవరి దగ్గరికి పోయేవాళ్లు? ఇప్పుడు ఎవరున్నారు? ఇవాళ్టి చరిత్ర అదే.

మేడ్చల్, శామీర్‌పేట సైడే తీసుకుందాం. ఇప్పుడు ఎటు చూసినా వెంచర్లు, అపార్ట్‌మెంట్లు, ఔటర్ రింగ్ రోడ్డు. ఒకప్పుడు ఇవన్నీ చెరువు కింద పొలాలు చేసుకునే ఊళ్లు. అప్పట్లో ఆలుమగల గొడవ ముదిరితే "పెద్దమనుషుల్లో పెట్టడం" అనేవాళ్లు. కుల పెద్దలు నలుగురు కూర్చునేవాళ్లు. రెండు వైపుల నుంచీ డిపాజిట్ కట్టించుకునేవాళ్లు. మాట తప్పినవాళ్ల డిపాజిట్ పోతుంది. అంతే సిస్టం.

దీన్ని మొత్తం తీసిపారేయలేం. ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో ఆ పెద్దలకు తెలుసు. గొడవ మొదలైన వారంలోనే కూర్చోబెట్టేవాళ్లు, వాయిదాలు లేవు. కానీ కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. అమ్మాయి తరఫున ఆమె తండ్రో అన్నో మాట్లాడాలి. చివరికి తీర్పు చాలాసార్లు ఒకే మాట, "సర్దుకుపో బిడ్డా". దెబ్బలు తిన్న పిల్లకి కూడా అదే మాట.

తర్వాత ఊళ్లు మారాయి. మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీలు వచ్చాయి. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో కొత్త జంటలు ఉద్యోగానికి వచ్చి సింగిల్ బెడ్‌రూమ్ అద్దెకు తీసుకున్నాయి. ఇక్కడ వీళ్లకు కుల పెద్దలు లేరు, పక్కింటి అత్తయ్య కూడా లేదు. మరి గొడవైతే? ఫోన్ తీసి అమ్మకు కొట్టడమే. అటు ఆయన కూడా వాళ్లమ్మకు కొడతాడు. ఇద్దరి మధ్య మొదలైన గొడవ పది నిమిషాల్లో రెండు కుటుంబాలదైపోతుంది.

అది ఎక్కడిదాకా పోగలదో చెప్పే ఒక నిజమైన కేసు ఉంది. పేర్లు మనకు అక్కర్లేదు. 1999 ఏప్రిల్‌లో ఒక పెళ్లి జరిగింది. మర్నాడే రెండు వైపుల పెద్దలకు మాటా మాటా పెరిగింది. తిట్టుకున్నారు, చెప్పులు విసురుకున్నారు. ఆ మరుసటి రోజుకి కొత్త జంట విడిపోయింది! కాపురమే మొదలుకాలేదు. కేసు సికింద్రాబాద్ ఫ్యామిలీ కోర్టుకు పోయింది, అక్కడి నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విడాకులు ఇచ్చింది. లెక్కేసుకోండి, రెండు రోజుల పెళ్లికి దాదాపు 14 ఏళ్ల కోర్టు.

ఆ తీర్పులోనే జడ్జీలు ఒక మాట చెప్పారు. ఇలాంటి గొడవలకు కారణం చాలాసార్లు చిన్నదే ఉంటుంది, మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపితే సర్దుబాటయ్యేది అని. దేశంలోని మీడియేషన్ సెంటర్లన్నీ కేసు వేయకముందే జంటలకు సాయం చేసే డెస్కులు పెట్టాలని ఆదేశించారు.

అసలు ఈ ఆలోచన 2013లో పుట్టింది కాదు. దీని వెనక మన తెలుగావిడ ఉంది, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక, ఈ కాపురం నావల్ల కాదని ఆ భర్తకు తనే చెప్పేశారు. తండ్రి, తమ్ముడు ఆమె వెనక నిలబడ్డారు. తిట్లు లేవు, చెప్పులు లేవు. ఆ రోజుల్లో! తర్వాత స్వాతంత్ర్య పోరాటంలో జైలుకెళ్లారు, లాయరయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ కోర్టులు చూశారు. తిరిగొచ్చి, మనకూ ఇలాంటివి కావాలని నెహ్రూతో, పెద్ద జడ్జీలతో మాట్లాడారు. భార్యాభర్తల గొడవను ఆస్తి తగాదాలాగా చూడొద్దన్నదే దీని వెనక ఉన్న పాయింట్.

చట్టం రావడానికి 31 ఏళ్లు పట్టింది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది. అప్పటికి ఆమె చనిపోయి మూడేళ్లు. ఆ చట్టం ప్రకారం ముందు రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. కౌన్సెలర్లు ఉంటారు. లాయర్ పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతించాలి. విచారణ తలుపులు మూసి జరపమని అడగొచ్చు. అంటే రచ్చబండలోని మంచిని తీసుకుని, రచ్చను తీసేశారన్నమాట.

నా ఉద్దేశంలో దీంట్లో ఒక్కటే లోటు. కోర్టు మెట్లెక్కాక కౌన్సెలింగ్ అంటే, అప్పటికే ఇద్దరి నోటి నుంచి వెనక్కి తీసుకోలేని మాటలు వచ్చేసి ఉంటాయి. అందుకే ఆ ముందు స్టేజీ మీకు తెలియాలి. మేడ్చల్-మల్కాజిగిరి 2016లో జిల్లా అయింది. ప్రతి జిల్లాకీ ఒక న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. దాని హెల్ప్‌లైన్ 15100. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ సాయం ఫ్రీ. శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది, దేశమంతటి నుంచి పిల్లలొచ్చి చట్టం చదువుకుంటారు. దానికి నాలుగు వీధుల అవతల అద్దెకున్న జంటకు మాత్రం ఈ నంబర్ తెలియదు!

ఒక విషయం క్లియర్‌గా చెప్తా. కొడుతుంటే అది "చిన్న గొడవ" కాదు, రాజీ మాట తర్వాత. ముందు 181కి ఫోన్ చేయండి, ప్రాణం మీదికొస్తే 100 లేదా 112. 2005 గృహహింస చట్టం ఉన్నదే దానికి.

అలా కాదు, మాటలు ఆగిపోయాయి, డబ్బు దగ్గర తేడా, అత్తగారింటి దగ్గర తేడా అంటే, కేసు లేకుండానే అప్లికేషన్ పెట్టొచ్చు. భార్య పెట్టొచ్చు, భర్త కూడా పెట్టొచ్చు. రెండో మనిషికి కబురు వెళ్తుంది. ట్రైనింగ్ తీసుకున్న మధ్యవర్తి ఇద్దరితో కలిపి మాట్లాడతారు, అవసరమైతే విడివిడిగా కూడా. అక్కడ మీరన్న మాటలు బయటికి రావు. కుదిరితే రాసుకుంటారు, కుదరకపోతే కోర్టు దారి ఎలాగూ ఉంది. వెళ్లేటప్పుడు మాత్రం ఇద్దరే లోపలికి వెళ్లండి. పెద్దవాళ్లు మేమూ వస్తామంటే, బయట బెంచీ మీద కూర్చోమనండి.