మామిడి కాపు తెలియని కిస్తు

మా ఖాలా ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. నికాహ్‌నామా, రేషన్ కార్డు, పాత కరెంటు బిల్లులు, అన్నిటికీ అడుగున ఒక చిన్న పాస్‌బుక్. 2005 జూలైలో ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన పదివేల రూపాయల ఖర్జ్ తాలూకు పుస్తకం అది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. వారానికి 230 రూపాయల చొప్పున 50 వారాలు కట్టాలి. అందులో 36 సంతకాలున్నాయి. 37వ గడి ఖాళీ. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉండిపోయిందో చెప్పాలంటే మా ఆగిరిపల్లి గురించీ, మన మజ్‌హబ్‌లో అప్పుకున్న హైసియత్ గురించీ కాస్త వెనక్కి వెళ్లి మాట్లాడుకోవాలి.

ఆగిరిపల్లి అంటే బయటివాళ్లకు శోభనాచలం కొండ, నరసింహస్వామి గుడి. మాకు మామిడి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టేదాకా మాది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. నూజివీడు రసాల పేరు దేశమంతా తెలుసు గానీ ఆ రసాల వెనక నడిచే అప్పు గురించి ఎవరూ రాయరు. డిసెంబరు, జనవరిల్లో పూత చూసి వ్యాపారి తోట కొంటాడు. రైతుకు ఇచ్చే బయానా చాలాసార్లు అతని సొంత డబ్బు కాదు, మండీలో కమీషన్ ఏజెంట్ ఇచ్చిన అడ్వాన్సు. అడ్వాన్సు తీసుకున్నాక కాయ ఆ ఏజెంటు దగ్గరికే తోలాలి. ధర పక్క మండీలో ఎక్కువున్నా సరే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోత, గ్రేడింగ్, ప్యాకింగ్, తోపుడు బండి. ఆ పది పన్నెండు వారాలే మా మొహల్లా ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడేది. మిగతా ఏడాదంతా దాన్ని సాగదీసుకోవడమే.

ఖాలాకి ఆచార్ పెట్టడంలో హునర్ ఉంది. పచ్చికాయ చవగ్గా దొరికే ఏప్రిల్‌లో ఒక పదివేలుంటే నూనె, ఆవపిండి, జాడీలు కొనుక్కుని ఏడాది పొడుగునా అమ్ముకోవచ్చని ఆమె లెక్క. సరైన లెక్కే. కానీ ఐదుగురు ఆడవాళ్లు ఒకరికొకరు జామీను ఉండి, గ్రూపు కుదిరి, సార్ వచ్చి వేలిముద్రలు తీసుకునేసరికి జూలై వచ్చింది. మామిడి అయిపోయింది. డబ్బు వచ్చింది, సరుకు లేదు. ఆ పదివేలు వానలకు కారుతున్న రేకుల మీదికీ, కూతురి కాన్పుకూ పోయాయి. కిస్తు మాత్రం మర్నాటి వారం నుంచే మొదలు.

ఇక్కడొక చిన్న మాట. డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు నాకొక సరదా ఉండేది, తెలుగు పుస్తకాల్లో మన మాటలు ఏరుకోవడం. జామీను, కిస్తు, వసూలు, బాకీ, జప్తు, రశీదు, వాయిదా, దలాలీ... అప్పిచ్చి తిరిగి రాబట్టుకునే భాషలో సగం మనదే. దఫ్తర్ల ఫార్సీ మిగిల్చిపోయిన జాగీరు అది. ‘అప్పు’ తెలుగుది, ‘వడ్డీ’ సంస్కృతం నుంచి వచ్చింది. సూద్ హరామ్ అన్న ఖౌమ్ తెలుగుకు వడ్డీ అనే మాట తప్ప అప్పు సామానంతా ఇచ్చిందన్నమాట! నవ్వుకోవడానికే అంటున్నాను, ఇందులో ఫిలాసఫీ ఏమీ లేదు.

సూద్ సంగతి పక్కనపెడితే, అప్పు మన దగ్గర చిన్న విషయం కాదు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్ నమాజు గురించో రోజా గురించో కాదు, సూరె బఖరాలో అప్పు పత్రం రాసుకోవడం గురించి. దానికి రెండు ఆయత్‌ల ముందు, అప్పు తీసుకున్నవాడు తంగీలో ఉంటే చేయి ఆడేదాకా మొహ్లత్ ఇవ్వమని ఉంది. హదీస్ కితాబుల్లో ఒక వాకియా ఉంది, ఇది మనం మద్రసాలో విన్నదే. ఒక అన్సారీ రసూలుల్లాహ్ (స) దగ్గరికి సాయం అడగడానికి వచ్చాడు. ఇంట్లో ఏముందని అడిగితే, సగం కప్పుకుని సగం పరుచుకునే ఒక ముతక గుడ్డా, నీళ్లు తాగే ఒక గిన్నే అన్నాడు. వాటిని తెప్పించి అక్కడికక్కడే వేలం పెట్టారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే ఇంకొకరు రెండన్నారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి తిండి కొనమన్నారు, రెండోదాంతో గొడ్డలి. ఆ గొడ్డలికి పిడి తన చేత్తోనే బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులదాకా నాకు కనపడకు అన్నారు. అతను పది దిర్హమ్‌లతో తిరిగొచ్చాడు.

నేను ఈ వాకియాలో ఎప్పుడూ ఆ పిడి దగ్గరే ఆగిపోతాను. మొదట ఇంట్లోకి తిండి, తర్వాత పనిముట్టు, దాన్ని పనికొచ్చేలా తయారుచేసివ్వడం, ఆ ఊళ్లో అమ్ముడయ్యే సరుకు చూపించడం, ఆదాయం రావడానికి సరిపడా గడువు. ఇందులో డబ్బు భాగం చాలా చిన్నది.

మన దగ్గర చిన్న అప్పుల తారీఖ్‌లో ఈ పిడి ఎక్కడ ఊడిపోయిందో వెతుక్కుంటూ వస్తే రెండు 1923లు కనిపిస్తాయి. ఆ ఏడాది నవంబరులో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. మా జిల్లా బ్యాంకు అని ఇప్పటికీ పెద్దవాళ్లు గర్వంగా చెబుతారు, 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా. అదే 1923లో నిజాం హైదరాబాదులో బందోబస్తు శాఖ ఉద్యోగులు సూద్ లేని అప్పుల కోసం ఒక అంజుమన్ పెట్టుకున్నారు, ‘ఇమ్దాదె బాహమీ ఖర్జె బిలా సూదీ’ అని. ఇలాంటి సొసైటీల మీద ఉస్మానియాలో చదివి, పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారు వ్యాసాలు రాశారు. కానీ ఆ అంజుమన్‌లో సభ్యులు నౌకరీ ఉన్నవాళ్లు, నెల జీతం నుంచి కొంత పక్కన పెట్టగలిగినవాళ్లు. తోపుడు బండివాడికి జీతం లేదు. బ్యాంకుకు తాకట్టు కావాలి, అంజుమన్‌కు జీతం కావాలి. రెండూ లేనివాళ్ల దాకా రెండిట్లో ఏదీ రాలేదు. మధ్యలో సర్కారు తకావీ అప్పులు, 1904 చట్టంతో వచ్చిన సహకార సంఘాలు, ఇవన్నీ భూమి ఉన్న రైతును చూసుకున్నాయి.

ఆడవాళ్ల దాకా అప్పు వచ్చింది 1980ల తర్వాతే. 1982లో డ్వాక్రా. 1985లో మన రాష్ట్రంలో మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్. దాని సబ్సిడీ రుణం చేతికి రావాలంటే చివరికి బ్యాంకు మేనేజరు ఒప్పుకోవాలి. 2006లో సచార్ కమిటీ చెప్పింది ఈ మేనేజరు గురించే. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను అప్పివ్వకూడని ఇలాఖాలుగా గుర్తు పెట్టుకున్నాయని, ప్రాధాన్య రంగ రుణాల మొత్తంలో ముస్లింల హిస్సా ఐదు శాతానికి కూడా చేరలేదని. ఇది తెలిస్తేనే మిగతా కథ అర్థమవుతుంది. ‘సూద్ హరామ్ అని తెలిసీ ఎందుకు తీసుకున్నావు ఖాలా?’ అని ఒకసారి అడిగాను. ‘హలాల్ ఇచ్చేవాడి ఇల్లు చూపించు, రేపే వెళ్తా’ అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

1990ల చివర్లో కంపెనీలు వచ్చాయి. హైదరాబాదు నుంచి షేర్, ఎస్‌కేఎస్, గుంటూరు నుంచి స్పందన. పద్ధతి బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనుస్ సాహెబ్ గ్రామీణ్ బ్యాంకుది, ఐదుగురి గ్రూపు, వారం వారం మీటింగు, ఒకరికి అందరూ జామీను. తాకట్టు అడగలేదు, మజ్‌హబ్ అడగలేదు, గల్లీలోకి వచ్చి చాప మీద కూర్చుని ఇచ్చారు. ఇది చిన్న విషయం కాదు, ఒప్పుకోవాలి. బుర్ఖా వేసుకున్న ఆడమనిషి సంతకానికి విలువిచ్చిన మొదటి దఫ్తర్ చాలా మొహల్లాల్లో అదే.

లెక్కే తిరకాసు. లెక్కల పరచా నాకు ఎప్పుడూ గండమే గానీ ఇది నాకూ అర్థమైంది. ఖాలా పదివేలకు 50 వారాల్లో 11,500 కట్టాలి. 15 శాతం అని చెప్పారు. కానీ అసలు వారం వారం తరిగిపోతోంది కదా. సగటున ఏడాది పొడుగునా ఆమె దగ్గరున్నది ఐదువేల చిల్లరే. దాని మీద 1,500 అంటే అసలు రేటు దాదాపు 30 శాతం. ఆగస్టు నుంచి మార్చి దాకా మామిడి పని లేదు. 230 కోసం రోజువారీ ఫైనాన్స్ దగ్గర 500 తీసుకునేది. దాన్ని తీర్చడానికి పక్కింటి పిల్ల పేరు మీద ఇంకో కంపెనీలో అప్పు. ఒక ఖర్జ్ ఇంకో ఖర్జ్‌ను మోసుకుంటూ తిరగడం అప్పుడే మొదలైంది.

2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు స్పందన, షేర్ కంపెనీలవీ మరికొన్ని చిన్న సంస్థలవీ యాభైకి పైగా బ్రాంచీలు మూయించారు. వడ్డీ దోపిడీ, వసూళ్లలో జులుం, అప్పు తాళలేక ఖుద్‌కుషీ చేసుకున్నారన్న ఆరోపణలు. సర్కారు వెలుగు పథకం కింద నడుపుతున్న పొదుపు సంఘాల ఆడవాళ్లనే మేమూ చేర్చుకుంటున్నామని కోపం అని కంపెనీల వాదన. రెండిట్లోనూ నిజం ఉందని నా అభిప్రాయం. ఖాలా పాస్‌బుక్‌లో 37వ గడి ఖాళీగా ఉంది అందుకే. ఆ వారం సార్ రాలేదు. కొన్నాళ్లకు కంపెనీలు వడ్డీ తగ్గించి, నడవడి నియమాలు రాసుకుని మళ్లీ తిరిగాయి.

మన ఖౌమ్ నేరుగా తలపడింది కర్ణాటకలో, 2009 జనవరిలో. కోలారులో పట్టు ధరలు పడిపోయి కిస్తులు కట్టలేక ఇళ్లలో గొడవలు పెరిగాయి. అక్కడి అంజుమన్ కమిటీ ముస్లిం ఆడవాళ్లెవరూ ఇక మైక్రోఫైనాన్స్ బాకీ కట్టొద్దని ఫైసలా చేసింది. శిడ్లఘట్ట, రామనగరం, మైసూరు దాకా పాకింది. ఇజ్జత్ కాపాడామని పెద్దలు అనుకున్నారు. కానీ కట్టొద్దన్న అంజుమన్ తన తరఫున ఇవ్వడానికి ఏం పెట్టుకుంది? బైతుల్‌మాల్ నుంచి వంద గొడ్డళ్లు కొని ఉంటే ఆ ఫైసలాకు నేను సలాం చేసేవాణ్ణి. మళ్లీ అప్పు కావాల్సిన ఆడవాళ్లకు దర్వాజా మూసుకుపోయింది, అంతే.

2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్టుకెక్కి 1,600 కోట్ల దాకా తెచ్చుకుంది. అదే అక్టోబరు 15న ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు. ప్రతి కంపెనీ జిల్లాలో రిజిస్టరు కావాలి, కిస్తు నెలకోసారే, వసూలు ఇంటి దగ్గర కాదు పంచాయతీ ఆఫీసు లాంటి చోట, వడ్డీ అసలును మించకూడదు. రాష్ట్రమంతా కట్టడం ఆగిపోయింది, కంపెనీలు వెళ్లిపోయాయి. వాళ్లు ఖాళీ చేసిన చోట ఎవరు కూర్చున్నారో 2015 డిసెంబరులో విజయవాడ కాల్ మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు అందరూ చూశారు.

ఈ గోలలో మరుగున పడ్డ సంగతి ఒకటుంది. హైదరాబాదులో 1996లో మొదలైన బేసిక్స్ సంస్థ 2001లో తన ఖాతాదార్లనే పరిశీలించుకుంది. ఆదాయం పెరిగింది 52 శాతం మందికే, పావు వంతు మందికి తగ్గింది. విజయ్ మహాజన్ గారి బృందం దాంతో ఒక నిర్ణయానికొచ్చింది, అప్పు ఒక్కటే చాలదు, పనిలో శిక్షణ, మార్కెట్టు, బీమా కలిపివ్వాలని. తర్వాత అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం హైదరాబాదులోని 104 బస్తీల్లో స్పందన అప్పుల మీద చేసిన పరిశోధనలోనూ తేలింది అలాంటిదే. ముందే వ్యాపారం ఉన్నవాళ్లకు కొంత ఫాయిదా, ఇంటి ఖర్చులోగానీ పిల్లల చదువులోగానీ పెద్ద మార్పు లేదు. గొడ్డలి చేతికొచ్చింది, పిడి లేదు అని నాకనిపిస్తుంది.

మా ఊళ్లో దూది ఏకే నూర్‌బాషా కుటుంబాలున్నాయి. ఫోమ్ పరుపులొచ్చాక ఆ పని అడుగంటింది. 2025 ఏప్రిల్ 11న, ఫూలే జయంతి రోజు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు మా మండలంలోని వడ్లమానుకు వచ్చి కులవృత్తుల వాళ్లతో కూర్చుని మాట్లాడారు. పనిముట్లు ఇస్తే మంచిదే. కానీ ఏకే విల్లు కొత్తది ఇచ్చినా ఏకించుకునేవాళ్లేరీ? పరుపుల కుట్టుపనిలోకి, సోఫా పనిలోకి మళ్లించే తాలీమ్ కావాలి, నేర్చుకునే మూడు నెలలూ ఇంట్లో పొయ్యి వెలగాలి. ఆ మొదటి దిర్హమ్ తిండికి అన్నది ఊరికే కాదు.

2022 మార్చిలో రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు ఇచ్చింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకే ఈ అప్పు, కిస్తులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదు. ఇంకోటి, అప్పు తీసుకున్నవాళ్ల అవసరాన్ని బట్టి కిస్తు ఎప్పుడెప్పుడు కట్టాలో మార్చుకునే వీలు ఇవ్వాలి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు కింద ఉన్న కంపెనీలకు 2010 నాటి చట్టం వర్తించదంది. చాపలు మళ్లీ పరిచారు.

ఖాలాకిప్పుడు డెబ్బై దాటాయి. ఆచార్ కోడలు పెడుతోంది. మొన్న ఊరెళ్లినప్పుడు ఆమె కూడా ఒక గ్రూపులో చేరానని చెప్పింది. నేను పేపరువాణ్ణి కదా, ఆ రిజర్వు బ్యాంకు నియమం గురించి పెద్దగా చెప్పాను. మామిడి రోజుల్లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ కట్టేలా అడగమన్నాను.

‘అడిగాను భాయ్‌జాన్’ అంది.

‘ఏమన్నాడు?’

‘పిల్లాడు మంచోడే. ఫోన్లో చాలాసేపు వెతికాడు. సిస్టంలో అలాంటి ఆప్షన్ లేదంట.’