చిత్ర విభజన, త్రిమితీయ పునర్నిర్మాణాల్లో ఆప్టిమైజేషన్ పద్ధతులు

ఫొటోలో ఏ పిక్సెల్ వస్తువుది, ఏది నేపథ్యానిది అని తేల్చడం చిత్ర విభజన. పలు కోణాల ఫొటోల నుంచి వస్తువు ఆకారాన్ని రాబట్టడం త్రిమితీయ పునర్నిర్మాణం. రెండింటికీ గణితం చూపిన దారి ఒకటే: ప్రతి జవాబుకూ ‘శక్తి’ అనే విలువ కట్టి, అది అతి తక్కువగా ఉన్న జవాబును వెతకడం. జవాబు ఫొటోతో పొసగకపోయినా, పొరుగు పిక్సెళ్లు అకారణంగా విడిపోయినా శక్తి పెరుగుతుంది. సూత్రం రాయడం తేలికే. దాని కనిష్ఠాన్ని నిజంగా చేరుకోవడానికి పడిన శ్రమే ఈ రంగం చరిత్ర.

1984లో స్టువర్ట్, డొనాల్డ్ జెమన్ సోదరులు యాదృచ్ఛిక మార్పులతో మెల్లగా కనిష్ఠానికి దిగే పద్ధతిని ప్రతిపాదించారు. సిద్ధాంతం ప్రకారం అది గమ్యం చేరుతుంది గానీ, అందుకు పట్టే కాలం ఆచరణకు అందదు. 1987లో కాస్, విట్కిన్, టెర్జోపౌలస్ ‘స్నేక్స్’ పేరుతో, వస్తువు అంచు వైపు సాగి అతుక్కునే వక్రరేఖను తెచ్చారు. దాన్ని మొదట ఎక్కడ గీశారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయేది.

అసలు మలుపు నెట్‌వర్క్ గణితం నుంచి వచ్చింది. రైలు మార్గాల రవాణా సామర్థ్యం గురించిన ప్రశ్నతో మొదలుపెట్టి ఫోర్డ్, ఫల్కర్సన్ 1956లో ఒక సిద్ధాంతం ప్రచురించారు: నెట్‌వర్క్‌లో పారగల గరిష్ఠ ప్రవాహమూ, దాన్ని రెండుగా తెంచే కనిష్ఠ కోత విలువా సమానం. 1989లో గ్రెగ్, పోర్టియస్, సెహల్ట్ నలుపు, తెలుపు చిత్రాల శక్తిని అలాంటి కోతగా మార్చి కచ్చితమైన కనిష్ఠాన్ని సాధించారు. జెమన్ పద్ధతి తరచూ దానికి దూరంగానే ఆగిపోతోందని అప్పుడే బయటపడింది. ఇంత విలువైన ఫలితాన్ని కంప్యూటర్ విజన్ పరిశోధకులు దాదాపు పదేళ్లు పట్టించుకోలేదు.

పిక్సెళ్లకు ఇచ్చే లేబుళ్లు (వస్తువు, నేపథ్యం వంటివి) రెండుకు మించితే సమస్య సాధారణంగా ఎన్‌పీ-హార్డ్ కోవలోకి, అంటే వేగంగా కచ్చితమైన జవాబు చెప్పే దారి తెలియని వాటిలోకి వెళ్తుంది. 2001 నాటి వ్యాసంలో బాయ్‌కోవ్, వెక్స్‌లర్, జాబిహ్ ఒక్కో లేబుల్‌నూ కోతల సాయంతో విస్తరించారు. పొరుగు పిక్సెళ్ల లేబుళ్లు వేరైతే ఒకే జరిమానా వేసే సరళమైన పాట్స్ నమూనాలో ఈ పద్ధతికి దొరికే శక్తి, అసలు కనిష్ఠానికి రెండింతలు మించదని నిరూపించారు.

కోత పిక్సెళ్ల గడుల వెంటే సాగుతుంది కాబట్టి అంచులు మెట్లుమెట్లుగా వచ్చేవి. 2006లో చాన్, ఎసెడోగ్లు, నికోలోవా 0, 1ల మధ్య విలువల్నీ అనుమతించి సమస్యను కుంభాకార రూపంలోకి, అంటే ఎక్కడ మొదలుపెట్టినా అసలు కనిష్ఠానికే దిగే రూపంలోకి తెచ్చారు. రెండు ప్రాంతాల సగటు రంగులు ముందే తెలిస్తే, ఆ జవాబును ఒక హద్దు దగ్గర 0, 1లుగా తెంచినా అసలు సమస్య కనిష్ఠమే దక్కుతుంది.

త్రిమితీయ పునర్నిర్మాణంలో మరో చిక్కు ఎదురైంది. ఉపరితలాన్ని వీలైనంత తగ్గించమంటే, వస్తువే లేని ఖాళీ జవాబుకు శక్తి సున్నా! కోలెవ్, క్రెమర్స్ 2008లో దీనికి షరతులు పెట్టారు: ఫొటోలో వస్తువు ఆక్రమించిన ప్రతి పిక్సెల్ నుంచి బయల్దేరే కిరణం వస్తువును తాకాలి, మిగతావి తాకకూడదు. ఈ షరతులు కుంభాకారత్వాన్ని చెడగొట్టవు.

2015 నుంచి విభజన పని చాలావరకు న్యూరల్ నెట్‌వర్క్‌ల చేతికి వెళ్లింది. వాటిలో ఒకటైన డీప్‌ల్యాబ్ తొలి రూపాలు అంచులు దిద్దడానికి శక్తి పద్ధతినే వాడాయి. 2017 నాటి మూడో రూపం దాన్ని వదిలేసింది.