పోలీసు రిజిస్టరు నుంచి ఆత్మకథ దాకా

తెలుగు సాహిత్యానికి హిజ్రాలు కొత్త కాదు. 13వ శతాబ్దంలో తిక్కన భారత రచనకు పూనుకున్నది విరాటపర్వంతోనే. అందులో అర్జునుడు బృహన్నలగా ఉత్తరకు నాట్యం నేర్పుతాడు. ఊళ్లలో మాత్రం కొజ్జా, ఆడంగి అన్న మాటలు తిట్లుగానే మిగిలాయి. అన్నీ ఎదుటివాళ్లు పెట్టిన పేర్లే.

ఆ తర్వాత వారి గురించి రాసింది సర్కారు. నిజాం రాజ్యంలో ఫసలీ 1329లో, అంటే 1919లో, నపుంసకుల చట్టం వచ్చింది. హైదరాబాద్ నగరంలోనూ, ప్రభుత్వం ప్రకటించిన ఇతర చోట్లా ఉండే నపుంసకుల్లో నేరాలు చేస్తారని అనుమానించిన వారి పేర్లు, చిరునామాలు రిజిస్టరులో ఎక్కించాలి. అందులో పేరున్న మనిషి చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, నలుగురిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల దాకా జైలు. చీర కట్టడాన్నే నేరం చేసిన ఈ చట్టం నిజాం పాలన పోయాక కూడా పుస్తకాల్లోంచి పోలేదు.

హిజ్రా తన కథ తానే చెప్పుకోవడం తెలుగు పాఠకులు విన్నది ఎ. రేవతి పుస్తకంలో. ఆమెది తమిళనాడులోని నామక్కల్ ప్రాంతం. మగపిల్లాడిగా పుట్టి, పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి, అంట్లు తోమి, అందుకు ఇంటా బయటా మాటలు పడిన బాల్యం ఆమెది. తమిళంలో ఆమె రాసుకున్న ఆత్మకథను వి. గీత ఇంగ్లీషు చేయగా 2010లో పెంగ్విన్ ప్రచురించింది. కథకురాలు పి. సత్యవతి దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది. ఈ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది. జాలి కోసం చేయి చాచని పుస్తకమిది. ఇంట్లో తిన్న దెబ్బలు, గురువు దగ్గర దొరికిన ఆదరణ, పోలీసుల హింస, అన్నీ ఉన్నదున్నట్టు చెబుతుంది. దాని బలం అదే.

రిజిస్టరుకు జవాబు కోర్టులోనూ వచ్చింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు ఆ చట్టాన్ని సవాలు చేశారు. అంతకుముందే 2014లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పు థర్డ్ జెండర్‌ను గుర్తించినా పాత చట్టం అలాగే ఉండిపోయింది. చివరికి 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని కూడా ఆదేశించింది.