గొదెయో ద్రాక్ష కథ

స్పెయిన్ వాయవ్య మూలన గలీసియా అని ఉంది, మన రాష్ట్రం లాంటిదనుకోండి. అక్కడ సిల్ నది వెంట వాల్దెయోరాస్ అనే లోయ. కొండవాలు, చాలాచోట్ల పలకరాయి నేల, చిన్న చిన్న కమతాలు. ఆ లోయ తెల్ల వైన్‌కి ఈ మధ్య బాగా పేరొస్తోంది. గొదెయో అనే ద్రాక్షతో చేస్తారు. యాభై ఏళ్ల కింద ఆ రకం దాదాపు పోయినట్టే.

ఎందుకు పోయిందో చూడండి. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి ఫిలోక్సెరా అనే పురుగు యూరప్ చేరింది. పేనుబంకకు చుట్టం. వేరు పట్టుకుని పీలుస్తుంది, తీగ ఎండిపోతుంది. మందులు పనిచేయలేదు. చివరికి ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద తమ రకాల్ని అంటు కట్టుకోవాల్సి వచ్చింది. మన దగ్గర డాగ్రిడ్జ్ మీద అంటు కడతారే, అలాంటి పనే.

సరే, తోట మళ్లీ వేయాలి. రైతు ఏం చూస్తాడు? దిగుబడి చూస్తాడు. దక్షిణాన హెరెస్ వైపు ద్రాక్ష పలోమినో వచ్చింది, విరగకాస్తుంది. గర్నాచా తింతొరేరా వచ్చింది, దాని గుజ్జు కూడా ఎరుపే, వైన్‌కి రంగుకు కొదవ లేదు. గొదెయో గుత్తి చిన్నది, కాపు తక్కువ, తొందరగా చిగురు వేసి మంచు దెబ్బకి దొరుకుతుంది. బరువు చూసి డబ్బులిచ్చే చోట ఎవరైనా కాసేదే వేస్తారు, వాళ్లను నేను తప్పు పట్టను. కానీ అక్కడి పలోమినో వైన్ చప్పగా ఉండేది. పేరూ లేదు, ధరా లేదు.

1970ల్లో ఒరాసియో ఫెర్నాందెజ్ అనే వ్యవసాయ విస్తరణ ఉద్యోగి, లూయిస్ ఇదాల్గో అనే ద్రాక్ష నిపుణుడు కలిసి 'రెవివాల్' అనే కార్యక్రమం నడిపారు. పాత తోటల్లో అక్కడక్కడ మిగిలిన గొదెయో తీగల్ని వెతికి, మంచివి ఎంచి, వాటినుంచే మొక్కలు పెంచి రైతుల చేత మళ్లీ వేయించారు. కొత్త రకం ఏమీ కనిపెట్టలేదు. ద్రాక్ష కాపుకి రావాలి, వైన్ కావాలి, దానికి పేరు రావాలి. అచ్చంగా గొదెయోతో చేసిన సీసాలు బయటికి రావడానికి 1980లు పట్టాయి. అంతకాలం ఓపిక పట్టిన రైతులే నాకు గొప్పగా అనిపిస్తారు.

2004లో రఫాయెల్ పలాసియోస్ అనే ఆయన వేరే ప్రాంతం నుంచి వచ్చి పాత గొదెయో చెక్కలు కొన్నాడు. అక్కడ అన్నదమ్ములు పంపకాలప్పుడు చీట్లు వేసి భూమి పంచుకునేవాళ్లు. అలా వచ్చిన ముక్కని 'సోర్తె' అంటారు, అదృష్టం అనే అర్థం కూడా ఉంది. ఆయన పేరున్న వైన్ సీసా మీద ఉండేది ఆ మాటే: 'అస్ సోర్తెస్'.