ఇరువది నిముషముల మజిలీ

ఐరోపా నగరములు చూచివచ్చిన మిత్రులు చెప్పు ముచ్చట్లు వినుట మాకొక వేడుక. ఉదయమొక ప్రాచీనాలయము, మధ్యాహ్నమొక భోజనశాల, సాయంకాలము నదీతీరమున కాఫీ. ఇట్లు మూడు నాలుగు దినములు గడపి ఆ నగర చరిత్రను కన్నులార చూచి, అచటి వంటలను నోరార రుచి చూచి వచ్చితిమందురు. ఆ మాటలు వినినప్పుడెల్ల మాకు సూర్యాపేట జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదునకును విజయవాడకును ఇంచుమించు నడుమనున్న ఆ పట్టణమున మేమెన్నిమార్లు ఆగితిమో లెక్కలేదు. ఆగినది ఇరువది నిముషములు, తిన్నది రెండిడ్లీలు, చూచినది మరల బస్సునే. ఈ మారు మాత్రము బస్సును పోనిచ్చి, సంచి దింపుకొని, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతమున నాలుగు దినములు నిలిచితిమి.

ఈ సీమకు బాటయే ప్రాణము. 17వ శతాబ్దమున గోలకొండకును మచిలీపట్నపు రేవునకును నడుమ వర్తకము ఈ ప్రాంతము మీదుగా సాగెను. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఆ దారి మజిలీల పేర్లను, వాని నడుమ దూరములను తన యాత్రా గ్రంథమున వ్రాసియుంచెను. బాటసారికి ఆకలి వేయును. ఆకలి వేసినచోట పొయ్యి వెలుగును. నేడు రహదారి కిరువైపుల కనబడు హోటళ్లు ఆ నాటి పూటకూళ్ల యిండ్లకు వారసులే.

మొదటి దినము సూర్యాపేటకు కొలది కిలోమీటర్ల దూరముననున్న పిల్లలమఱ్ఱికి పోయితిమి. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఏలిన ఊరిది. బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ 1208లో ఎఱకేశ్వరాలయమును కట్టించెను. నామిరెడ్డి పేర నామేశ్వరాలయము కలదు. నల్లరాతి స్తంభముల నునుపు ఎనిమిది వందల యేండ్లకును చెడలేదు. చేయి వేసినచో చల్లగా జాఱిపోవును. క్షీరసాగర మథనమును చిత్రించిన రంగులు మాత్రము మాసిపోయినవి. జైమినీ భారతమును సాళువ నరసింహునకు అంకితమిచ్చిన పిన వీరభద్రకవి ఇంటిపేరు ఈ ఊరి పేరే. ఆ రాత్రి సూర్యాపేటలో వేడి జొన్నరొట్టె, నాటుకోడి పులుసు తినుచు, ఇంతకాలము ఇచట ఇడ్లీతోనే తృప్తిపడినందులకు మాలో మేమే నవ్వుకొంటిమి.

మఱునాడు ఫణిగిరి. పాము పడగవలె తోచు కొండ గనుక ఆ పేరు వచ్చినదందురు. కొండపై మహాస్తూపము, చైత్యగృహములు, భిక్షువులు నివసించిన విహారముల పునాదులు బయల్పడినవి. ఇక్ష్వాకు ప్రభువైన రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమున ఒక ప్రధాన వైద్యుడు ఇచట ధర్మచక్ర స్తంభమును నిలిపినట్లు శాసనము చెప్పుచున్నది. రోగుల నాడి చూచిన ఆ చేయి లోకమునకు ధర్మచక్రమును కూడ చూపగోరినది కాబోలు. ఈ కొండపై దొరకిన శిల్పములు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ప్రదర్శింపబడెను. సముద్రములు దాటిపోయిన శిల్పములను అచటివారు బారులు తీరి చూచిరి. వాని పుట్టినింటిలో ఆ దినమున మేము తప్ప వేఱు సందర్శకులు కానరాలేదు.

మూడవనాడు కోదాడ త్రోవ పట్టితిమి. నడుమ మునగాల తగులును. నైజాము రాజ్యము నడుమ బ్రిటిషు వారి కృష్ణా జిల్లాకు చెందిన ద్వీపము వంటి పరగణా ఇది. దీని ప్రభువు నాయని వేంకట రంగారావు. దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమునకును, 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలికిని వీరే ఊపిరులూదిరి. 1948 సెప్టెంబరులో విజయవాడ నుండి కదలిన భారత సేనలును ఈ బాటనే కోదాడ మీదుగా సూర్యాపేట చేరెను. వెనుదిరిగిన నైజాము సేన మూసీ వంతెనను కూల్చినను వారి రాక ఆగలేదు. పుస్తకములును సేనలును నడచిన త్రోవ ఒక్కటే. కోదాడలో మధ్యాహ్న భోజనమునకు వడ్డించిన గోంగూర పచ్చడి కారము, పూర్వపు కృష్ణాజిల్లా సరిహద్దు సమీపించినదని నాలుకకు ముందే తెలిపినది.

కడపటి దినము మిర్యాలగూడ. ఊరిచుట్టు బియ్యపు మిల్లులే. ఇదంతయు నాగార్జునసాగరము ఎడమ కాలువ చలువ. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలబడెను. అంతకుముందు వాన చూచి విత్తిన మెట్టపైరులే ఇచట అధికము. ఆ పూట మా విస్తరిలోని తెల్లని అన్నము, ముద్దపప్పు, నేయి ఎంత రుచించెనో చెప్పజాలము. కాని ముద్ద నోట పెట్టుకొనునప్పుడు ఒక మాట తలపునకు వచ్చెను. ఈ నీటి కొఱకే ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి, నాగార్జునకొండ లోయ మునిగిపోయెను. 1954 నుండి 1960 వఱకు త్రవ్వకములు సాగించి, దొరకినంత దక్కించి కొండమీదికి చేర్చిరి. అన్నము ఒక తట్ట, చరిత్ర ఒక తట్టగా తూచి పెద్దలు అన్నమును కోరిరి. ఆకలి యెఱిగినవారెవ్వరును ఆ నిర్ణయమును తప్పుపట్టరు. అయితే ఆ ఇక్ష్వాకుల కాలపు ఫణిగిరి నీట మునుగలేదు గదా! మునిగినదానిని పడవనెక్కి పోయి చూచుచున్నాము. మునుగనిదానిని బస్సులో కూర్చుండి దాటిపోవుచున్నాము.

సాయంకాలము వాడపల్లిలో కృష్ణా మూసీల సంగమము చూచి, మఱునాడు సూర్యాపేటకు వచ్చి హైదరాబాదు బస్సు ఎక్కితిమి. బస్సు కదలుటకు ఇంకను పది నిముషములుండెను. ప్రక్కనున్న పెద్దమనిషి టీ త్రాగుచు, "ఇక్కడ చూసేటందుకు ఏమున్నదండీ?" అని అడిగెను. మేము పిల్లలమఱ్ఱితో మొదలిడితిమి. ఫణిగిరి వఱకు వచ్చునప్పటికి కండక్టరు గంట కొట్టెను. ఆయన దిగలేదు. కాని బస్సు ఊరు దాటువఱకు కిటికీలోనుండి బయటికే చూచుచుండెను.